చేయి మారే చోట

(యంత్రమూ – మనమూ)

గత సంచికలో ఈ శీర్షిక చదివిన ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. "మా ఇంటిలో రక్తపోటు చూసుకునే యంత్రం ఒక్కటే ఉన్నది. అత్తగారు, మామగారు, మావారు, నేను, నలుగురమూ దానినే వాడుతున్నాము. అలా వాడవచ్చునా? యంత్రం తప్పు చూపదు గదా?" అని ఆమె ప్రశ్న.

సమాధానం ముందే చెబుతాము. వాడవచ్చును. నలుగురు వాడినంత మాత్రాన యంత్రం చెడిపోదు. అయితే యంత్రం సరిగ్గా పనిచేయడం ఒక సంగతి, దానిని నలుగురూ సరిగ్గా వాడగలగడం మరొక సంగతి. మొదటిది ప్రయోగశాలలో కొలతలతో తేలుతుంది. రెండవది మనుషుల చేతికి యంత్రాన్ని ఇచ్చి, వారు ఏమి చేస్తారో ప్రక్కన కూర్చుని చూస్తేనే తేలుతుంది. దీనిని వినియోగ సౌలభ్య పరీక్ష అంటారు. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్య బ్రతుకుతున్న మేము కూడా ఈ రెండవ పరీక్షను చాలా తేలికగా తీసుకున్నాము. దాని ఫలితంగా ఒక రాత్రి ఏమి జరగబోయినదో పాఠకులకు చెప్పుకోవడం మా బాధ్యత అని భావిస్తున్నాము.

కద్మాలో ఒక రాత్రి

మా నివాసం జంషెడ్‌పూర్ నగరంలోని కద్మా పేట, ఖర్కాయి నదికి దగ్గర. ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలసిన తొలి దశాబ్దాల నుండి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారు పని వెదుక్కుంటూ వచ్చి ఈ నగరంలో స్థిరపడ్డారు. మా వీధిలో ఒక గోడకు ఇటు తెలుగు వినబడితే అటు బెంగాలీ వినబడుతుంది. ఎదుటి వరుసలో ఒడియా, వీధి చివర సంతాలీ. అందరినీ కలిపేది బజారు హిందీ.

2021 ఏప్రిల్ చివరి వారం. కోవిడ్ రెండవసారి విజృంభించిన రోజులు. ఆక్సిజన్ అన్న మాట తప్ప మరొక మాట వినబడని కాలం. ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుండి మహారాష్ట్రకు బయలుదేరినది. మా ఊరి కర్మాగారం నుండి కూడా అనేక రాష్ట్రాలకు ఆక్సిజన్ వెళ్ళినది. ఒక ప్రక్క దేశమంతా ఇలా టన్నుల లెక్కన ఆక్సిజన్‌ను తరలిస్తూ ఉంటే, అది ఏ ఇంటిలో ఎవరికి ఎప్పుడు కావాలో చెప్పవలసిన పని మాత్రం వేలికి తగిలించే ఒక చిన్న క్లిప్పుపై పడినది. అదే పల్స్ ఆక్సీమీటరు. 1974లో జపాను ఇంజనీరు తకువో అయోయాగి రూపొందించిన సూత్రం అది. ఎర్రని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని వేలి గుండా పంపి, రక్తం ఏ కాంతిని ఎంత పీల్చుకున్నదో చూసి, రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని లెక్కకట్టడం దాని పని.

మా వీధిలో అయిదిళ్ళకు కలిపి ఒకే ఆక్సీమీటరు ఉండేది. బజారులో దొరకని రోజులు కనుక దానిని గుడ్డ సంచిలో పెట్టి, వాడిన ప్రతిసారీ తుడిచి, ఇంటి నుండి ఇంటికి పంపుకునేవారము. వీధిలో ఇంజనీరులమని పేరు ఉన్నందున అందరికీ వాడుక నేర్పే పని మాకే వచ్చినది.

మా ఎదురింటిలో పదవీ విరమణ చేసిన మాస్టారు, మేము పిన్నిగారని పిలిచే ఆయన భార్య ఉంటారు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగి. మాస్టారికి జ్వరం తగిలిన రోజున మేము వారి వరండా బయట నిలబడి పిన్నిగారికి యంత్రం చూపించాము. ఆమె వేలికే తగిలించుకోమన్నాము. "పైన కనబడే అంకె ఆక్సిజన్, క్రింద కనబడేది నాడి. పైది 94 కంటే తగ్గితే వెంటనే ఫోను చేయండి" అని చెప్పాము. ఆమె రెండుసార్లు చూశారు, రెండుసార్లూ సరిగ్గా చదివారు. ఇక ఫరవాలేదని తృప్తిపడి ఇంటికి వచ్చాము.

మూడవ రోజు రాత్రి తొమ్మిది గంటలకు పిన్నిగారు నోటు పుస్తకంలో "96, 98" అని వ్రాసుకున్నారు. కుమారుడు ఫోను చేస్తే అదే చెప్పారు. "తొంభై ఆరు ఉంటే భయం లేదమ్మా, నాన్నగారిని పడుకోనివ్వు" అన్నాడతడు. పదకొండు గంటలకు ఆమె మాకు ఫోను చేశారు. "యంత్రం బాగానే చూపుతున్నది బాబూ. కాని ఆయన నాలుగు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతున్నారు" అన్నారు.

ముఖానికి గుడ్డ కట్టుకుని వెళ్ళాము. గదిలో చిన్న దీపం మాత్రమే ఉన్నది. మాస్టారు వెల్లకిల పడుకుని, చేయి పొట్టపై పెట్టుకుని ఉన్నారు. మేము తలగడ వైపు నిలబడి వంగి చూశాము. ఎర్రని అంకెలు స్పష్టంగా కనబడినవి. పైన 86, క్రింద 96.

పిన్నిగారు మంచానికి కాళ్ళ వైపు, స్టూలుపై కూర్చుని ఉన్నారు. ఆమె చెప్పినది అబద్ధం కాదు. మేము ఆమె కూర్చున్న చోటికి వెళ్ళి అక్కడి నుండి అదే అద్దాన్ని చూశాము. పైన 96, క్రింద 98.

తలక్రిందులైన అంకెలు

పాఠకులు ఒక కాగితం తీసుకుని, చేతి గడియారంలోని మాదిరి ఏడు గీతల అంకెలతో పైన 86, దాని క్రింద 96 వ్రాసి, కాగితాన్ని తలక్రిందులుగా త్రిప్పి చూడవలసినదిగా కోరుతున్నాము. క్రింది వరుస పైకి వస్తుంది. 96 త్రిప్పినా 96గానే ఉంటుంది. 86 మాత్రం 98 అవుతుంది. ప్రమాదంలో ఉన్న మనిషి ఆరోగ్యవంతుడుగా కనబడతాడు. ఏడు గీతల అంకెలలో 0, 1, 2, 5, 8 తలక్రిందులైనా అవే అంకెలుగా ఉంటాయి. 6, 9 ఒకదాని స్థానంలో మరొకటి వస్తాయి. 3, 4, 7 మాత్రమే అంకె రూపం కోల్పోయి, "నన్ను తప్పుగా చూస్తున్నావు" అని చెప్పగలుగుతాయి. ఆ రాత్రి ఆ మూడు అంకెలలో ఒక్కటి కూడా అద్దంపై లేదు. ఏది ఆక్సిజనో ఏది నాడియో చెప్పే చిన్న అక్షరాలు పెట్టెపై అచ్చువేసి ఉన్నవి కాని, మసక వెలుతురులో అరవై ఎనిమిదేళ్ళ కళ్ళకు అవి కనబడవు. మెరిసేవి అంకెలు మాత్రమే.

ఆ రాత్రే ఆసుపత్రిలో మాస్టారికి మంచం దొరకడం అదృష్టం. పన్నెండు రోజుల తరువాత ఇంటికి వచ్చారు. ఇప్పటికీ సాయంత్రం నది ఒడ్డున నడుస్తూ కనబడతారు.

ఆయన ఇంటికి వచ్చిన రోజున పిన్నిగారు మమ్మల్ని ప్రక్కకు పిలిచి, "నేను సరిగ్గానే చూశాను గదా బాబూ?" అని అడిగారు. పన్నెండు రోజులుగా ఆమె మనసులో ఆ ఒక్క ప్రశ్నే ఉన్నదని ఆ గొంతు చెప్పినది. "మీరు సరిగ్గానే చూశారు పిన్నిగారూ, తప్పు నేర్పిన మాది" అన్నాము. ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఇంజనీరుగా లెక్క చూసుకుని అన్న మాట.

మా పరీక్షలో లోపం ఏమిటి?

మేము పిన్నిగారిని పరీక్షించినప్పుడు యంత్రం ధరించినదీ ఆమే, చదివినదీ ఆమే. ఇద్దరి పని ఒక్కరే చేశారు. అసలు అవసరం వచ్చిన నాడు ధరించినవారు ఒకరు, చదివినవారు మరొకరు, విని నిర్ణయించినవారు ఇంకొకరు. ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షిస్తే ముగ్గురూ నెగ్గుతారు. మాస్టారు క్లిప్పు సరిగ్గానే తగిలించుకున్నారు. పిన్నిగారు కనబడినది సరిగ్గానే చదివారు. కుమారుడు విన్నదానికి సరిగ్గానే సలహా ఇచ్చాడు. యంత్రం కూడా సరిగ్గానే కొలిచినది. నాలుగు ఒప్పులు కలిసి ఒక పెద్ద తప్పు అయినది. తప్పు ఎవరి చేతిలోనూ లేదు. చేయి మారిన చోట ఉన్నది.

కర్మాగారంలో పనిచేసే మనకు ఇది కొత్త పాఠం కాదు. ప్రమాదాలు షిఫ్టు నడుమ కంటే షిఫ్టు మారే వేళ ఎక్కువగా పొంచి ఉంటాయని ప్రతి ఫోర్‌మన్‌కూ తెలుసు. అందుకే లాగ్‌బుక్ వ్రాస్తాము. అందుకే మరమ్మతుకు దిగినవారు స్విచ్చికి తమ తాళం తామే వేసి, పట్టీ కట్టి, పని ముగిశాక తామే తీస్తారు. యంత్రం ఒకరి చేతి నుండి మరొకరి చేతికి వెళ్ళే క్షణానికి మనం ఒక విధానం ఏర్పరచుకున్నాము. ఇంటికి వచ్చేసరికి ఆ విధానాన్ని గేటు దగ్గరే వదిలివేస్తున్నాము. ఇంటిలోని యంత్రానికి షిఫ్టులు లేవని మన భ్రమ. పగలు కోడలు, రాత్రి కుమారుడు, మధ్యాహ్నం పనిమనిషి చూసుకునే రోగి గదిలో మూడు షిఫ్టులూ ఉన్నాయి. లాగ్‌బుక్ మాత్రం లేదు.

ప్రపంచం నేర్చుకున్న పాఠాలు

ఆసుపత్రులలో ఈ పాఠం చాలా ఖరీదుకు నేర్చుకున్నారు. మందును చుక్కలుగా రక్తంలోకి పంపే ఇన్‌ఫ్యూజన్ పంపును ఉదాహరణగా చూద్దాము. ఒక నర్సు అమర్చుతుంది, మరొక షిఫ్టు నర్సు మారుస్తుంది, వైద్యుడు వచ్చి చూసిపోతాడు. 2005 నుండి 2009 వరకు అయిదేళ్ళలో ఈ పంపులకు సంబంధించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు సుమారు 56,000 ప్రతికూల సంఘటనల నివేదికలు అందినవి. 87 పర్యాయాలు పంపులను వెనుకకు పిలిపించవలసి వచ్చినది. వాటిలో బయటపడిన లోపాలలో ఒకటి, సున్నాను ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు నమోదు కావడం. పది కావలసినది వంద అవుతుంది. అంకె వేసిన నర్సు తన మనసులోని పదినే చూసి వెళ్ళిపోవచ్చు. తరువాత వచ్చిన నర్సు, వంద అని కనబడితే వైద్యుడు అంతే చెప్పి ఉంటాడని అనుకోవచ్చు. ఇద్దరి నడుమ ఆ సున్నా నిశ్చింతగా ఉండిపోతుంది.

చేయి ఎవరిదైనా తప్పు జరగకుండా చేసిన మంచి ఉదాహరణలూ ఉన్నాయి. మత్తు మందు యంత్రానికి తగిలించే చిన్న గ్యాసు సిలిండర్ల కవాటాలపై రెండేసి రంధ్రాలు ఉంటాయి. ఆక్సిజన్‌కు రెండవ, అయిదవ స్థానాలలో, నైట్రస్ ఆక్సైడుకు మూడవ, అయిదవ స్థానాలలో. యంత్రం వైపు వాటికి సరిపడే మేకులు ఉంటాయి. ఒక సిలిండరు స్థానంలో మరొకటి పెట్టబోతే అది అమరనే అమరదు. చీకటిలోనైనా, తొందరలోనైనా, కొత్తవాడి చేతిలోనైనా అంతే. జ్ఞాపకం పెట్టుకోవలసిన పనిని మనిషి నుండి తీసి లోహానికి అప్పగించడం అంటే ఇదే.

మన దేశంలో జరిగిన మరొక ఉదంతం మాకు చాలా ఇష్టమైనది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచడానికి ఎంబ్రేస్ అనే చిన్న సంచిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రూపొందించారు. దానిలో కరిగి గట్టిపడే మైనం వంటి పదార్థం ఉంటుంది. అది శిశువుకు కావలసిన 37 డిగ్రీల వేడిని గంటల తరబడి నిలుపుతుంది. తొలి నమూనాలో వేడి ఎంత ఉన్నదో అంకెలలో చూపేవారు. దానిని మహారాష్ట్ర గ్రామాలలో చూపినప్పుడు ఒక తల్లి నుండి ఊహించని సంగతి తెలిసినది. ఇంగ్లీషు మందులు బిడ్డకు చాలా తీవ్రమని ఆమె భావన. 37 డిగ్రీలు పెట్టమంటే, బిడ్డ మీది జాగ్రత్తతో కొంచెం తగ్గించే పెడతానన్నది. వైద్యులు చెప్పిన మోతాదు తల్లి చేతికి వచ్చేసరికి మారిపోతున్నది. తయారీదారులు ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. అంకెలనే తీసివేశారు. వేడి సరిపోయినదా లేదా అన్న ఒక్క గుర్తును మాత్రం ఉంచారు. ప్రయోగశాలలో ఎన్నేళ్ళు కూర్చున్నా ఈ సంగతి తెలిసేది కాదు. ఆ తల్లి ముందు కూర్చుంటేనే తెలిసినది.

నియమాలు ఏమంటున్నాయి?

వైద్య పరికరాల వినియోగ సౌలభ్యానికి 62366 సంఖ్య గల అంతర్జాతీయ ప్రమాణం 2007లో వచ్చినది, 2015లో దానిని సవరించి మళ్ళీ వెలువరించారు. అమెరికా నియంత్రణ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక పరికరాన్ని భిన్నమైన వర్గాలవారు వాడేటట్లయితే ప్రతి వర్గం నుండి కనీసం పదిహేను మందితో పరీక్షించాలి. నర్సులతో పరీక్షించి రోగులకు అమ్మకూడదు. రోగులతో పరీక్షించి సరిపెట్టుకుని వారి బంధువులను మరచిపోకూడదు. తయారుచేసిన సంస్థ ఉద్యోగులను పరీక్షకు కూర్చోబెట్టకూడదు. నేర్పిన వెంటనే కాకుండా, నేర్పినది కొంత మరచిపోయే వ్యవధి ఇచ్చి పరీక్షించాలి. పరీక్ష వేళ సాయం చేయకూడదు. నచ్చినదా అని అడిగి ఊరుకోకుండా, చేతులు ఏమి చేస్తున్నవో చూడాలి.

ఈ నియమాలన్నీ మంచివే. మా అనుభవంతో ఒక్క మాట చేర్చదలచాము. ప్రతి వర్గాన్నీ విడివిడిగా పరీక్షించిన తరువాత, ఆ వర్గాలను కలిపి కూడా పరీక్షించాలి. పడుకున్నవారిని పడుకోబెట్టి, చదివేవారిని చదివే చోట కూర్చోబెట్టి, వినేవారిని ఫోను అవతల ఉంచి చూడాలి.

మన దేశంలో వైద్య పరికరాల నియమావళి 2017లో వెలువడి 2018 జనవరి నుండి అమలులోకి వచ్చినది. పరికరాల వలన కలిగే హానిని నమోదు చేయడానికి 2015లోనే ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైనది. 2021 జూలైలో ఆక్సీమీటరు, రక్తపోటు యంత్రం, గ్లూకోమీటరు, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరు అనే అయిదింటిపై వ్యాపారపు లాభానికి 70 శాతం పరిమితి విధించారు. ఆ అయిదూ మన ఇళ్ళలో అందరూ పంచుకునే పరికరాలే కావడం గమనించదగినది. ధర అందుబాటులోకి వచ్చినప్పుడు యంత్రం ప్రతి ఇంటికీ వస్తుంది. వాడుక నేర్పే మనిషి దానితో పాటు పెట్టెలో రాడు. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వంటి చోట్ల నేడు మన పరికరాలు మనమే తయారుచేసుకుంటున్నాము. వాటిని మన ఇళ్ళలో, మన భాషలలో, మన మసక దీపాల క్రింద పరీక్షించే అవకాశం కూడా మనకే ఉన్నది.

మా వీధి పరీక్ష

కోవిడ్ తగ్గాక, ఒక ఆదివారం మేము ఇరుగు పొరుగువారిని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఇళ్ళలో ఉన్న పరికరాలన్నింటినీ వాడి చూపమన్నాము. మాట్లాడకుండా ప్రక్కన కూర్చోవడమే మా పని. ఇంజనీరుకు అంతకంటే కష్టమైన పని లేదు. ఆ రోజు తెలుసుకున్న సంగతులు కొన్ని వ్రాస్తాము.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరుపై గాజు గొట్టంలో చిన్న బంతి తేలుతూ ఉంటుంది. బంతి మధ్యభాగం ఏ గీత దగ్గర ఉంటే అన్ని లీటర్లు. ఒకరు బంతి నెత్తిని చూశారు, మరొకరు అడుగును చూశారు. నిలబడి పైనుండి చూసినవారికి ఒక గీత, కూర్చుని కంటికి సమంగా చూసినవారికి మరొక గీత కనబడినది. ఒకే బంతిని ఇద్దరూ రెండు రకాలుగా చదివి, ఎవరికి వారు ఒకరు అమర్చినదానిని మరొకరు "సరిచేశారు".

రోగులకు సాయంగా వచ్చే అమ్మాయి హిందీలో అంకె చెబుతుంది. ఎనభై ఆరు హిందీలో ఛియాసీ, తొంభై ఆరు ఛియానవే. ఫోనులో సగం మాట మింగుడుపడితే రెండూ ఒకటే. తెలుగు మాత్రమే బాగా వచ్చిన పెద్దావిడ దానిని విని వ్రాసుకోవాలి. మన కంట్రోలు రూములలో అంకెలను విడదీసి, "ఎనిమిది, ఆరు" అని చెప్పి, అవతలివారి చేత తిరిగి చెప్పించుకుంటాము గదా. ఆ అలవాటును ఇంటికి తెచ్చుకుంటే చాలును.

గ్లూకోమీటరు విషయంలో ఇంకొక చిక్కు. లండనులోని కుమారుడు తెచ్చి ఇచ్చిన మీటరు రక్తంలోని చక్కెరను వేరే ప్రమాణంలో చూపుతుంది. మన దగ్గర 126 అని చూపవలసిన చోట అది 7 అని చూపుతుంది. దానిని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఆ ఇంటి తండ్రిగారికి అది తెలుసు. ఆయన ఊరికి వెళ్ళిన నాడు చూడవలసిన తల్లిగారికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మరొక హెచ్చరిక అత్యవసరం. మీటరును తుడిచి ఇద్దరు వాడవచ్చును. కాని వేలికి సూది గుచ్చే కలాన్ని, సూది మార్చినా సరే, ఒకరికి మించి వాడకూడదు. కంటికి కనబడనంత రక్తం చాలు, హెపటైటిస్-బి వంటి వ్యాధి ఒకరి నుండి ఒకరికి వెళ్ళడానికి. అమెరికా ఆరోగ్య సంస్థలు 2010లోనే దీనిపై గట్టిగా హెచ్చరించినవి. ఒకే ఇంటివారమే గదా, ఆలుమగలమే గదా అన్న మొగమాటం ఇక్కడ పనికిరాదు. ఏ వస్తువును పంచుకోవచ్చునో, దేనిని పంచుకోరాదో తెలియడం కూడా వినియోగంలో భాగమే.

సోదరి ప్రశ్నకు జవాబు

ఇక ఉత్తరం వ్రాసిన సోదరికి. మీ నలుగురికీ ఒకే రక్తపోటు యంత్రం చాలును. చేతికి చుట్టే పట్టీ అందరి చేతులకూ సరిపోతున్నదో లేదో చూడండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. మీ యంత్రంలో 1, 2 అని ఇద్దరికి విడివిడిగా జ్ఞాపకం పెట్టే మీట ఉంటే, మూడవవారు, నాలుగవవారు దానిలోకి చొరబడకుండా చూడండి. మామగారి లెక్కలోకి మీ అంకెలు చేరితే సగటు బాగా కనబడుతుంది, వైద్యులు మందు తగ్గిస్తారు. అంతకంటే ఒక నోటు పుస్తకంలో నాలుగు పేర్లకు నాలుగు పుటలు కేటాయించి, తేదీ, వేళ, అంకె, చూసినవారి పేరు వ్రాయడం మేలు. అదే మీ ఇంటి లాగ్‌బుక్.

ఆ తరువాత ఒక సెలవు రోజున చిన్న పరీక్ష పెట్టుకోండి. మీ ఇంటిలో యంత్రం బాగా తెలిసినవారు నోరు మూసుకుని కూర్చోవాలి. తెలియనివారు వాడి చూపాలి. ఒకసారి పగటి వెలుతురులో, ఒకసారి రాత్రి దీపం క్రింద. ఒకసారి మంచానికి ఈ వైపు నుండి, ఒకసారి ఆ వైపు నుండి. చదివిన అంకెను ఫోనులో మరొకరికి చెప్పి, వారు ఏమి వ్రాసుకున్నారో సరిచూడాలి. తప్పు దొరికితే మనిషిని తప్పుపట్టవద్దు. వారు మీకు రాబోయే ఒక రాత్రిని ముందుగా చూపించారు, అంతే.

పిన్నిగారి సంగతి చెప్పి ముగిస్తాము. ఆ ఆక్సీమీటరు ఇప్పటికీ మా వీధిలో తిరుగుతూనే ఉన్నది. మరుసటి నెలలో అది మా ఇంటికి వచ్చినప్పుడు, అంకెలకు పై అంచున ఒక ఎర్రని బొట్టుబిళ్ళ అంటించి ఉన్నది. ఏమిటని అడిగితే పిన్నిగారు, "బొట్టు నుదుటన గదా ఉండాలి బాబూ. క్రింద కనబడితే మనం తప్పు వైపు కూర్చున్నట్లు" అన్నారు. దానిని చదవడానికి తెలుగు రానక్కరలేదు, హిందీ రానక్కరలేదు. మా వీధిలో ఎవరికీ దానిని మళ్ళీ నేర్పవలసిన అవసరం కలగలేదు. సంచిలో ఒక చిన్న టార్చిలైటు కూడా ఆమే పెట్టారు.

పాఠకులు తమ ఇళ్ళలో ఇటువంటి పరీక్ష చేసి, కనిపెట్టిన లోపాలను, చేసుకున్న చిన్న సవరణలను మాకు వ్రాయవలసినదిగా కోరుతున్నాము. నలుగురికీ ఉపయోగపడేవి వచ్చే సంచికలలో ప్రచురిస్తాము.